సొన లేని సీసా

ఉదయం ఎనిమిదిన్నరకి ముక్కుని పిలిచి ఒక శవాన్ని వాసన చూడమన్నారు.

ఆఫీసులో అందరూ ముక్కు అనే పిలిచే అతను, ఇరవై రెండేళ్ళ సర్వీసులో చాలా వాటిని వాసన చూశాడు. ఉత్తరాలు, సూట్‌కేసులు, ఒక రాయబారి ఓవర్‌కోటు, ఒకసారి మంత్రిగారి చెప్పులు. శవాన్ని చూడమనడం ఇదే మొదలు. చనిపోయింది డిస్పాచ్ గుమాస్తా. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడి గుడ్ మార్నింగ్ చెప్పే మనిషి. కుర్చీలోనే తల వాల్చేసి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. కళ్ళజోడు కూడా జారలేదు.

"ఏమిటి?" అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆయన. మాటల్ని కూడా కొలిచి వాడతాడు.

ముక్కు వంగి కాలర్ దగ్గర ఒకసారి, చెవి వెనక ఒకసారి పీల్చాడు. లేచి గోడ వైపు తిరిగి, తన కుడి మోచేతి మడతలో ముఖం పెట్టి రెండు ఊపిరులు తీసుకున్నాడు. మళ్ళీ వంగాడు.

వాసన చూసే పనివాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ముక్కు అలిసిపోయినప్పుడు సొంత చేతిని వాసన చూసుకుంటే లెక్క మళ్ళీ సున్నాకి వస్తుంది. అందుకే అతను సెంటు పూసుకోడు, పౌడరు రాసుకోడు, వాసన సబ్బు వాడడు. అతని చొక్కాకి అతని వాసన తప్ప ఇంకెవరి వాసనా ఉండదు. పక్కన కూర్చునే మనిషి ఎవరూ లేకపోవడం కూడా అందుకు బాగానే సాయపడింది.

"రెండున్నాయి సార్. ఒకటి మామిడి."

"ఈ బిల్డింగ్‌లో అందరి ఒంటి మీదా మామిడే."

"ఇది కాయలోంచి వచ్చింది కాదు. సీసాల్లో కలిపింది. సొన లేదు."

"రెండోది?"

"రెండోది వాసన కాదు సార్. చెవి వెనక అరచెయ్యంత మేర అసలేమీ లేదు. ఆయన వాసన కూడా లేదు. ఎవరో తుడిచేసినట్టుంది."

పెద్దాయన మొహం మాడిపోయింది. "కంపెనీ సరుకు," అన్నాడు. "పైకి రా."

*

బయటి బోర్డు మీద ‘పండ్ల రుచుల పరీక్షా కేంద్రం’ అని ఉంటుంది. అది అబద్ధం కాదు. కింది అంతస్తులో కోల్డ్ స్టోరేజీ, మధ్య అంతస్తులో లేబరేటరీ, అక్కడ నిజంగానే పరీక్షలు జరుగుతాయి. పై అంతస్తులో డిపార్ట్‌మెంట్ ఉందన్న సంగతి మాత్రం బోర్డు మీద రాయలేదు.

కంపెనీ ఉన్నది సముద్రానికి అవతల. జ్యూసులకీ ఐస్‌క్రీములకీ మామిడి సువాసన తయారుచేసి ప్రపంచమంతా అమ్ముతుంది. అదే ఫ్యాక్టరీ వెనక భాగంలో, తనకి వాసన లేకపోగా తగిలిన చోట ఉన్న వాసనని కూడా తుడిచేసే విషవాయువు తయారుచేసి అడిగినవాళ్ళకి అమ్ముతుంది. ఆ వెనక భాగంలో పద్నాలుగేళ్ళుగా మన మనిషి ఒకడు కెమిస్ట్‌గా పనిచేస్తున్నాడు. అతను ముక్కుకి తమ్ముడు.

అన్నదమ్ములిద్దర్నీ ఉద్యోగంలోకి తీసుకున్న రోజున పెద్దాయనకి జీవితంలో ఒకే ఒక్కసారి హాస్యం పుట్టింది. అన్నకి పెద్ద రసం, తమ్ముడికి చిన్న రసం అని కోడ్ పేర్లు పెట్టాడు. అప్పట్నుంచీ ఏజెంట్లందరికీ మామిడి పేర్లే.

తమ్ముడి కబురు నెలకోసారి శాంపిల్ సీసాలో వస్తుంది. మామిడి వాసనంటే ఒక్క వాసన కాదు, మూడు వందల పైచిలుకు పదార్థాల ఉమ్మడి కాపురం. రకాన్ని బట్టి ఇంటిపెద్ద మారుతుంటాడు. చాలా రకాల్లో త్రీ-కేరీన్‌దే పెత్తనం, దానిది అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన. కొన్నింట్లో మిర్సీన్, నలిపిన పచ్చి ఆకు. కొబ్బరి మామిడిలో లాక్టోన్లు మీగడ వాసన తెచ్చిపెడతాయి. బాగా మాగిన రసాల్లో ఫ్యురనియాల్ చేరి పాకం పట్టిన చక్కెరని గుర్తుచేస్తుంది. జీసీ అనే మెషీన్ వీటన్నిటినీ సన్నటి గొట్టంలోంచి నడిపించి, ఒక్కోదాన్ని ఒక్కో నిమిషానికి బయటికి వదులుతుంది. గొట్టం చివర రెండు దారులు. ఒకటి కాగితం మీద గీతలు గీసే డిటెక్టర్‌కి, రెండోది గాజు గరాటుకి. ఆ గరాటు దగ్గర ముక్కు కూర్చుంటాడు.

అన్నదమ్ములు ఈ కాపురంలోకి ఐదుగురు చుట్టాల్ని పంపించారు. మామిడితో ఏ సంబంధమూ లేని ఐదు వాసనలు. మెషీన్‌లోంచి వచ్చే వరసలో చెప్పాలంటే పుట్టగొడుగు, పొగ, దోసకాయ, లవంగం, తడిసిన మట్టి. ఎంత తక్కువ కలుపుతారంటే డిటెక్టర్ కాగితం మీద గీత కూడా పడదు. మనిషి ముక్కుకి తెలుస్తుంది, అదీ బాగా సాధన చేసిన ముక్కుకే. ఒక్కో వాసన ఎంత గట్టిగా ఉందో సున్నా నుంచి తొమ్మిది దాకా అంచనా కడితే ఒక్కో అంకె. ఐదుగురు చుట్టాలు, ఐదంకెలు. కోడ్ పుస్తకంలో ఆ ఐదంకెలు చూస్తే కబురు.

పద్నాలుగేళ్ళలో తమ్ముడి గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఉన్నదల్లా ఈ సీసాలే.

"గుమాస్తా బీరువాలో ఒక కవరుంది," అన్నాడు పెద్దాయన. "అందులో చిన్న రసం అసలు వివరం. కంపెనీలో అతని ఉద్యోగి నంబరు. కవరు చించేశారు."

ఆ నంబరు ముక్కుకి తెలుసు. తమ్ముడు పంపిన మొట్టమొదటి సీసాలో చుట్టాలు మోసుకొచ్చిన ఐదంకెలు అవే. 21304.

"ఎనిమిదీ ఇరవైకి శవాన్ని చూశాం. అప్పుడే తలుపులు మూయించాను. ఫోన్లు కట్. లోపల పంతొమ్మిది మంది. బయటికి పోయేది ఒక్కటే. నాలుగింటికి ఎక్స్‌పోర్ట్ వ్యాన్. నలభై ఎనిమిది శాంపిల్ సీసాలు. కంపెనీకే."

"ఆపేద్దాం సార్."

"ఆపితే మనకి అక్కడ మనిషున్నాడని మనమే చెప్పినట్టు. ఒక్క సీసా తగ్గినా అంతే. నిరుడు ఉత్త అనుమానం మీదే ఇద్దరు కెమిస్టుల్ని మాయం చేశారు." పెద్దాయన గడియారం చూశాడు. "సీసాల్లో కలిపిన మామిడి అన్నావు కదా. ఒక సీసాలో మీ తమ్ముడి నంబరుంది. అది అక్కడికి చేరితే వాడు రాత్రి భోజనం చెయ్యడు. నలభై ఎనిమిదీ మెషీన్ మీద పెట్టడానికి టైము లేదు. నీ ముక్కే గతి."

*

లేబరేటరీలో నలభై ఎనిమిది గోధుమరంగు సీసాలు నాలుగు వరసల్లో నిలబెట్టి ఉన్నాయి. పన్నెండు రకాలు, ఒక్కో రకానివి నాలుగేసి. ముక్కు తెల్ల కాగితపు కడ్డీలు ముందు పెట్టుకుని మొదటి మూత తీశాడు.

వెతకాల్సింది చుట్టాల్ని కాదు, వాళ్ళు నేరుగా దొరకరు. సొన లేని సీసా దొరకాలి. ఈ కేంద్రంలో తీసే ప్రతి శాంపిలూ నిజం కాయలోంచి, తొడిమ భాగంతో సహా తీస్తారు. తొడిమ దగ్గరి సొన, ఆ ఘాటు, పచ్చిదనం, నాలుక చివర కాస్త మంట పుట్టించే వాసన, ఎంత మాగిన కాయలోనైనా అడుగున ఉండి తీరుతుంది. సీసాల్లోంచి పదార్థాలు తీసి కలిపేవాళ్ళు తీపిని కలుపుతారు, మీగడని కలుపుతారు. సొనని కలపాలని వాళ్ళకి తోచదు. అది వాళ్ళ దృష్టిలో మరక.

ముక్కు వాళ్ళ నాన్న హోల్‌సేల్ పండ్ల గోడౌన్‌లో కాయలు గ్రేడింగ్ చేసేవాడు. స్కూలు అయ్యాక అన్నదమ్ములిద్దరూ అక్కడే గంపల మధ్య కూర్చునేవాళ్ళు. "తొడిమ దగ్గర చూడండిరా," అని నాన్న నెత్తిన ఒకటిచ్చేవాడు. "పొట్ట దగ్గర ఏ కాయైనా బాగానే ఉంటుంది." ముక్కులు అలిసిపోతే అన్న తమ్ముడి మోచెయ్యి వాసన చూసేవాడు, తమ్ముడు అన్నది చూసేవాడు. సొంత చెయ్యి కన్నా అదే బాగా పనిచేసేది.

వెళ్ళిపోయే రోజున తమ్ముడు తన చొక్కా కుడి చెయ్యి చింపి, బిరడా ఉన్న గాజు జాడీలో కుక్కి ఇచ్చాడు. "అన్నయ్యా, ముక్కు మొరాయిస్తే వాడుకో," అని నవ్వాడు. ఆ జాడీ లేబరేటరీ అలమరాలో రసాయనాల మధ్య, లేబుల్ లేకుండా ఉంది. మూత తీసినప్పుడల్లా కొంచెం పోతుంది కదా అని, పద్నాలుగేళ్ళలో ముక్కు రెండుసార్లే తీశాడు. రెండుసార్లూ జ్వరమొచ్చినప్పుడే.

పన్నెండో సీసా దగ్గర తలుపు తెరుచుకుంది.

"ముక్కు గారూ!"

సువర్ణరేఖ. అది కోడ్ పేరు. మనిషి కూడా ఆ కాయలాగే, పసుపు మీద ఎరుపు తిరిగే మేనిఛాయ. పొడుగు మనిషి, మెడలో పట్టు స్కార్ఫ్, దాని మీద కంపెనీ బ్యాడ్జి. 53709. కంపెనీ ఇక్కడికి పంపిన పెర్ఫ్యూమర్ ఆమె. రెండేళ్ళ క్రితం పెద్దాయన గదిలో కూర్చుని, కంపెనీ జీతం తీసుకుంటూ మన పని చేస్తానని ఒప్పుకుంది. డబుల్ ఏజెంట్ అంటే ఇద్దరూ నమ్ముతారు, ఇద్దరూ సగమే నమ్ముతారు. ముక్కు మాత్రం కాస్త ఎక్కువే నమ్మాడు. ప్రతి మంగళవారం పనికొచ్చినప్పుడు మధ్యాహ్నం ఒక గంట అతని బల్ల దగ్గర కూర్చుని టీ తాగేది. వారంలో అతనితో ఒక మనిషి మాట్లాడే గంట అదొక్కటే.

"విన్నాను. పాపం, గుమాస్తా గారు." దగ్గరికొచ్చి అతని రెండు చేతుల్నీ మోచేతుల దగ్గర గట్టిగా పట్టుకుంది. "మీరు జాగ్రత్తండీ. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను."

ఒక మనిషి చెయ్యి తన చేతి మీద పడి పద్నాలుగేళ్ళయింది. చేతులు వెనక్కి తీసుకోవాలన్న రూలు గుర్తుంది, తీసుకోబుద్ధి కాలేదు.

"నేను సగం చూడనా? తొందరగా అయిపోతుంది."

"వద్దు మేడమ్. రూలు ఒప్పుకోదు."

"సరే. టీ టైముకి వస్తాను. ఇవాళ మంగళవారం కదా." నవ్వి వెళ్ళిపోయింది.

పదిహేనో సీసా దగ్గర ముక్కు మొండికేసింది. మోచేతి మడతలో రెండు ఊపిరులు తీసుకున్నాడు. బాగుపడలేదు. పద్దెనిమిదికి రసం ఏదో, కొబ్బరి మామిడి ఏదో తేడా తెలియలేదు. దిగులు వల్ల అనుకున్నాడు. కిటికీ తెరిచి కాసేపు నిలబడి వచ్చాడు. ఇరవైకి కూడా అంతే. అప్పుడు తన చొక్కా చేతిని మళ్ళీ, ఈసారి పరాయి వస్తువుని చూసినట్టు, జాగ్రత్తగా వాసన చూశాడు.

సెంటు. సన్నగా, పొడిగా, తీగలా సాగే సెంటు. కుడి చేతి మీదా, ఎడమ చేతి మీదా.

రెండేళ్ళలో ఒక్క మంగళవారం కూడా ఆమె సెంటు రాసుకుని ఈ గదిలోకి రాలేదు. ఈ గది రూలు ఆమెకి బాగా తెలుసు. ఇవాళ రాసుకుంది, అదీ అరచేతులకి.

ముక్కు చాలాసేపు స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. ఆమె గుమాస్తాని చంపిందన్న ఆలోచన కన్నా, ఆ పట్టుకోవడం ఎందుకో అర్థం కావడమే ఎక్కువ బాధపెట్టింది. అందుకు సిగ్గేసింది కూడా. తర్వాత చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, ఒట్టి చర్మాన్ని వాసన చూసుకుంటూ ఇరవై ఒకటో సీసా మూత తీశాడు.

*

రెండూ యాభైకి దొరికింది. ముప్పై ఒకటో సీసా. లేబుల్ మీద ‘చిన్న రసం’ అని ఉంది. ఆమెకి వేళాకోళం కూడా తెలుసు.

అద్భుతమైన వాసన. తీపి, మీగడ, పాకం, అన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. ఇంత అందమైన మామిడికాయ ఏ చెట్టుకీ కాయలేదు. అడుక్కి వెళ్ళి వెతికితే సొన లేదు.

మెషీన్ మీద పెట్టి గరాటు దగ్గర కూర్చున్నాడు. ముప్పై రెండు నిమిషాలు. మిర్సీన్ వచ్చింది, కేరీన్ వచ్చింది. మధ్యలో చుట్టాలు దిగారు. పుట్టగొడుగు రెండు. పొగ ఒకటి. దోసకాయ మూడు. లవంగం లేదు, సున్నా. తడిసిన మట్టి నాలుగు.

21304.

ఈ లెక్క ఆమెకి నేర్పింది ఎవరో కాదు. ఒక మంగళవారం, టీ చల్లారిపోతుంటే, గొప్పకి పోయి తనే గరాటు దగ్గర కూర్చోబెట్టి చూపించాడు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆమె వచ్చిన మొదటి వారమే, బుట్టలోంచి ఒక కాయ తీసి వాసన చూసింది. పొట్ట దగ్గర చూసింది. "మా నాన్న కూడా పండ్ల గోడౌన్‌లోనే చేసేవారండీ," అని అదే నోటితో చెప్పింది. గోడౌన్‌లో పెరిగిన మనిషి ఎవరూ కాయని పొట్ట దగ్గర చూడరు. అది అబద్ధమని అతనికి ఆ క్షణమే తెలిసింది. రిపోర్టులో రాయాల్సిన విషయం. రాయలేదు. రాస్తే మంగళవారాలు ఆగిపోతాయి.

ఆ గంటల కోసం తమ్ముణ్ణి తాకట్టు పెట్టానని ఇప్పుడు తెలిసొచ్చింది.

మూడూ ఇరవై ఐదు. సీసా తీసెయ్యడానికి లేదు. ఇంకో సీసా పెడదామంటే ప్రతి సీసా మెడకీ నంబరు కొట్టిన సీలు తీగ ఉంది, లోపలి సరుకే మార్చేస్తే నంబరు కోసం కాచుకున్నవాళ్ళకి అది అందకపోవడమే అనుమానం. మిగిలింది ఒకటే దారి, అంకెలు మార్చడం. వాసన కలపొచ్చుగానీ తియ్యలేం. అంటే ప్రతి అంకే పైకే పోవాలి, కిందికి రాదు. నోటికొచ్చిన నంబరు చేస్తే అక్కడ ఎవరో పాపం తెలియని ఉద్యోగి ప్రాణం పోతుంది. ఐదంకెలూ పెద్దవిగా ఉండే నంబరు, నిజంగా ఒకరిదై ఉండే నంబరు, ఆ ఒకరు వాళ్ళ చేతికి చిక్కని చోట ఉండాలి.

రెండేళ్ళుగా ప్రతి మంగళవారం పట్టు స్కార్ఫ్ మీద చూసిన నంబరు అతనికి కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. 53709. రెండు ఐదవుతుంది. ఒకటి మూడు. మూడు ఏడు. సున్నా సున్నాయే. నాలుగు తొమ్మిది. ఒక్క అంకె కూడా కిందికి రానక్కర్లేదు. సీసా ఎవరు పంపారో సీసా మీద రాసి ఉండదు. ఇక్కడ తమకి ఇంకెంతమంది మనుషులున్నారో కంపెనీ ఆమెకి ఎప్పుడూ చెప్పదు. ఎలాగూ సగమే నమ్మినవాళ్ళు, మిగతా సగం ఈ సీసాతో పూర్తి చేసుకుంటారు.

బల్ల కింది బెల్లు మూడుసార్లు నొక్కాడు, పై అంతస్తుకి. సీసాని ఫ్యూమ్ హుడ్‌లో పెట్టాడు. ఘాటు రసాయనాలు కలిపే గాజు గూడు అది. ముందు పైకీ కిందికీ జరిగే అద్దం, వెనక గాలిని లాగి కప్పు మీదికి తోసే ఫ్యాను. ఒక్క చుక్క ఒక్క మెట్టు. పుట్టగొడుగు మూడు చుక్కలు. పొగ రెండు. దోసకాయ నాలుగు. ఇక మిగిలింది తడిసిన మట్టి, ఐదు చుక్కలు.

ఒకటి. రెండు.

"టీ," అంది సువర్ణరేఖ.

రెండు కప్పులు బల్ల మీద పెట్టింది. చూపు హుడ్ మీద పడింది. "ముప్పై ఒకటా? దాంట్లో ఏముందండీ?"

"ఏం లేదు మేడమ్. అదే గొడవ. సొన లేదు."

చెయ్యి కదులుతూనే ఉంది. మూడు. ఇంకో చుక్క పడిందో, డ్రాపర్ అంచునే ఆగిందో చూడలేదు. ఎడమ చేత్తో బుట్టలోంచి ఒక కాయ తీసి ఆమెకిచ్చాడు. "ఇది మాగిందో లేదో చూడండి."

ఆమె నవ్వుతూ కాయ పొట్టని ముక్కుకి ఆనించింది.

"నాన్న ఉంటే నెత్తిన ఒకటిచ్చేవాడు," అన్నాడు ముక్కు.

నవ్వు పోయింది. కాయని మెల్లగా బల్ల మీద పెట్టింది. "మొదటి వారమే చూశారు కదా మీరు," అంది. "మీ మొహంలో కనపడింది. చెప్తారేమో అని రెండు రోజులు భయపడ్డాను. మూడో రోజు నాకు టీ కప్పు కడిగి పెట్టారు. ఇంక చెప్పరని అర్థమైపోయింది."

"అవును."

"ఇప్పుడూ చెప్పకండి. వ్యాన్ వెళ్ళిపోనివ్వండి. వచ్చే మంగళవారం వస్తాను. ఆ పై మంగళవారం కూడా."

అతనికి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ మాట బాగుంది. ఆ క్షణాన్ని తర్వాత ఏ రిపోర్టులోనూ రాయలేదు.

"మా తమ్ముడు మేడమ్," అన్నాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తీస్తే లోపల రంగు లేదు, సన్నటి స్ప్రే గొట్టం ఉంది. ఊపిరి బిగబట్టి, ఒక చెయ్యి సీసా కోసం, రెండో చెయ్యి హుడ్ ముందు వంగి ఉన్న అతని మొహం మీదికి, రెండూ అద్దం కిందుగా లోపలికి చాపింది. ముక్కు అద్దాన్ని ఒక్కసారిగా కిందికి లాగాడు. అద్దం అంచు ఆమె మణికట్ల మీద పడింది. లిప్‌స్టిక్ హుడ్ లోపల దొర్లి బుస్సుమంది. ఫ్యాను దాన్ని పీల్చేసింది. అద్దం పూర్తిగా మూసుకునేలోగా ఒక పాయ మాత్రం బయటికొచ్చి అతని ఒట్టి చేతుల మీద చల్లగా తగిలింది. ఊపిరి ఆపి వెనక్కి పడ్డాడు.

పెద్దాయన మనుషులు తలుపు తోసుకొచ్చారు. ఆమెని బయటికి నడిపించారు. తలుపు దగ్గర మాత్రం ఆగింది. "టీ చల్లారిపోతుంది," అంది.

మూడూ యాభై రెండు.

"అయిందా?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క చుట్టం మిగిలాడు సార్. ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్క తప్పింది. వాసన చూడాలి."

కడ్డీ ముంచి చూశాడు. ఏమీ లేదు. మామిడీ లేదు, మట్టీ లేదు. ముప్పై ఒక్క సీసాల అలసట. మోచేతి మడతలో ముఖం పెట్టాడు. అక్కడా ఏమీ లేదు. తుడిచేసినట్టుంది. గుమాస్తా చెవి వెనక ఉన్న ఖాళీయే ఇప్పుడు అతని రెండు చేతుల మీదా ఉంది. యాభై ఒక్క ఏళ్ళు తోడున్నది ఆ ఒక్క వాసనే, అదీ పోయింది.

మూడూ యాభై ఐదు. కింద వ్యాన్ ఇంజను స్టార్ట్ చేశారు.

ముక్కు అలమరా తెరిచి, సీసాల వెనక నుంచి లేబుల్ లేని జాడీ తీశాడు. బిరడా ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంది. తిప్పాడు. గుడ్డని బయటికి తీసి, దాచుకోవడం మానేసి, మొహమంతా అందులో పెట్టి గుండెల నిండా పీల్చాడు. చవక సబ్బు. ఎండలో నడిచొచ్చిన చెమట. అడుగున, అరిగిపోయి, సన్నగా, మామిడి సొన. ఆ చేతి మీద తను ముక్కు పెడితే చక్కిలిగింతలకి నవ్వే పిల్లాడు. మూడు ఊపిరుల్లో మొత్తం అయిపోయింది. నాలుగోసారి పీలిస్తే ఒట్టి గుడ్డ.

కడ్డీ ముంచాడు. మామిడి తిరిగొచ్చింది. వెనకాల తడిసిన మట్టి. ఎనిమిది.

ఒక్క చుక్క.

మూత బిగించి, సీలు తీగ తిప్పి, సీసా పెద్దాయన చేతిలో పెట్టేసరికి నాలుగింటికి నిమిషం తక్కువ. యాభై ఎనిమిదేళ్ళ పెద్దాయన మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగడం ఆ బిల్డింగ్‌లో అందరూ చూశారు.

*

మూడు వారాల తర్వాత పెద్దాయన ముక్కుని గదిలోకి పిలిచాడు.

"నమ్మారు," అన్నాడు. "ఆమె కోసం నాలుగు దేశాల్లో వెతుకుతున్నారు. మన సెల్‌లో ఉందని తెలీదు. చిన్న రసం మీద మచ్చ లేదు."

"థాంక్స్ సార్." ముక్కు ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. అందులో మొదటి వారం సంగతి మొత్తం రాసి ఉంది. పెద్దాయన రెండుసార్లు చదివాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మంగళవారం ఎవరూ రారు కదా సార్ అప్పుడు."

పెద్దాయన కాగితాన్ని మడిచి, ఫైల్లో పెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మంగళవారం మధ్యాహ్నం నాకు ఖాళీయే."

"వద్దు సార్. మీరు నశ్యం పీలుస్తారు. లేబరేటరీ వారం రోజులు పనికి రాదు."

పెద్దాయన డ్రాయర్ లాగి ఒక సీసా తీశాడు. "కోడ్ బయటపడిపోయింది. ఈ దారి మూసేస్తున్నాం. కోడ్ మానెయ్యమని వాడికి చెప్పించాక వాడు పంపిన సీసా ఇది. ఇదే ఆఖరు. మెషీన్ రిపోర్టు కూడా వచ్చింది, శాంపిల్ కల్తీ అయిందిట. మనిషి చెమట, కొవ్వు ఆమ్లాలు, ఇంకేదో. పారెయ్యమంటున్నారు. నువ్వొకసారి చూడు, ఏమంటున్నాడో."

ముక్కు మూత తీశాడు. రసం. అడుగున సొన, ఎంత గట్టిగా ఉందంటే నాన్న పక్కనే నిలబడి కాయ చేతిలో పెట్టినట్టుంది. పుట్టగొడుగు లేదు, పొగ లేదు, దోసకాయ లేదు, లవంగం లేదు, మట్టి లేదు. వాటి స్థానంలో ఇంకొకటుంది. మూడు వారాల క్రితం గాజు జాడీలో ఆఖరి ఊపిరి దాకా వాడేసినదే, ఇప్పుడు కొత్తగా, నిండుగా ఉంది. అక్కడ ఎవరో మోచెయ్యి తుడిచిన గుడ్డని సీసాలో పిండి పంపారు.

కళ్ళు మండాయి. సొన ఘాటు అని సర్దిచెప్పుకుని మూత గట్టిగా బిగించాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు పెద్దాయన.

"జీతం పెంచాలి సార్ వాడికి," అన్నాడు ముక్కు, సీసాని జేబులో వేసుకుంటూ. "ఇంకా ఆ చవక సబ్బే వాడుతున్నాడు."